నా ఎడమ కన్ను, మా ఆయన ముగ్గు

మా ఊరు కొత్వాల్‌గూడ పక్కన విమానాలు దిగడం మొదలైన మూడో ఏడు. పొద్దున్నే వాకిట్లో ముగ్గు వేస్తుంటే పిండి ఎడమ కంట్లో పడింది. ఆ కన్ను మూసుకుని చూస్తే నిలువు గీతలన్నీ మెలికలు తిరిగి కనిపించాయి. లారీల దుమ్మును తిట్టుకుని, కళ్లద్దాలు మార్పించుకుని ఊరుకున్నాను.

కొన్నాళ్లకు కుడి కంటితో చూస్తే మా ఆయన ముఖం మధ్యలో మసక మచ్చ. అప్పుడు భయమేసింది. శంషాబాద్ నుంచి బస్సెక్కి సిటీలో కంటి దవాఖానకు పోయాం. కంటి లోపలి పొరలను చూపించే ఓసీటీ స్కాన్ తీశారు.

"కుడి కంట్లో వెట్ ఏఎండీ అమ్మా. వయసుతో కంటి వెనక పొరకు, అదే రెటీనాకు, వచ్చే జబ్బు. ఎడమ కంట్లో ఇంకా తొలి దశే," అన్నారు డాక్టరమ్మ.

కంట్లో ఇంజెక్షన్ అనగానే లేచి బయటికి పోబోయాను. ఆయన నా చెయ్యి వదల్లేదు. ఇంజెక్షన్లతో జబ్బు ఆగింది కానీ మచ్చ పూర్తిగా పోలేదు.

"పోయిన చూపు ఆకుకూరలతో తిరిగి రాదు. ఉన్న కన్నును కాపాడుకోవడానికి మంచి తిండి సాయపడుతుంది. ఇంట్లో పొగ ఎవరు తాగుతారు?" అని అడిగారు డాక్టరమ్మ.

ఆయన తల దించుకున్నాడు. ఆ రోజే బీడీ మానేశాడు.

"చేతులు ఊకుంటలేవు, జర ఏదన్న పని చెప్పు," అంటూ పాలకూర, తోటకూర గిల్లడానికి కూర్చునేవాడు. హిమాయత్ సాగర్ చేపలు తెచ్చి పులుసు పెట్టించేవాడు. ఎండలో నల్లద్దాలు పెట్టుకుంటే, "విమానం దిగిన దొరసాని లెక్కున్నవ్" అని ఏడిపించేవాడు.

రోజూ కుడి కన్ను మూసుకుని, ఎడమ కంటితో ముగ్గు గీతలు చూసుకోవడం అలవాటు చేసుకున్నాను. ఒకరోజు ఒళ్లు బాగాలేక ఆలస్యంగా లేచాను. కోడలు ముగ్గు వేసినట్టుందని ఎడమ కంటితో చూస్తే గీతలన్నీ వంకర. ఉన్న కన్నూ పోయిందనుకున్నాను. ఆయనకు ఎందుకో చెప్పకుండానే, "దవాఖానకు పోదాం పా" అన్నాను.

డాక్టరమ్మ ముందు ఏడుస్తూ చెప్పాను. ఆయన బిక్కమొహం వేశాడు.

"అయ్యో, గా ముగ్గు నేనేసిన! పండుకున్నవని లేపబుద్ధి కాలే."

డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోయారు. అయినా స్కాన్ తీశారు. కన్ను అలాగే ఉంది. ఏడుస్తూనే ఆయన భుజం మీద ఒక్కటి వేశాను.

మీకు చెప్పేది ఒక్కటే. ఒక కన్ను లోపాన్ని రెండోది కప్పేస్తుంది. అందుకే రోజూ ఒక్కో కన్ను మూసుకుని తలుపు చట్రాన్నో, కిటికీ ఊచలనో చూడండి. వంకరగా కనిపిస్తే ఆ వారమే డాక్టరును కలవండి.

ఇప్పుడు ముగ్గు నేనే వేస్తాను. గీతలు చూసుకున్నాక, అదే కంటితో పక్కన కూర్చున్న ఆయన ముఖం చూస్తాను. ముక్కు కాస్త వంకర. పెళ్లినాడూ అంతే ఉంది.