దించేటప్పటి బరువు

అమ్మమ్మ చేతికి ఏ వస్తువు అందినా ముందు దాని బరువు చెబుతుంది. అవసరమైతే తర్వాత పేరు చెబుతుంది.

చెప్పడమంటే ఉజ్జాయింపుగా కాదు. అరచేతిలో పెట్టుకుని, కళ్లు మూసుకుని, రెండుసార్లు మెల్లగా ఎగరేసినట్టు చేసి, మూడోసారికి గ్రాములతో సహా చెప్పేస్తుంది. రైల్వే పార్శిల్ ఆఫీసులో ముప్పై ఏళ్లు మూటలు ఎత్తి దించి సంపాదించిన విద్య అది. అక్కడి కాటా ఆవిడ చేరిన మొదటి ఏడాదే పాడైంది. పైవాళ్లు వచ్చి చూసి, "కాటాకేం తొందర, ఈవిడ ఉందిగా" అని వెళ్లిపోయారు. ఆవిడ రిటైరయ్యే నెలలో కొత్త కాటా వచ్చింది. దాన్ని సరిచూడటానికొచ్చిన ఇన్‌స్పెక్టరు, తన తూకపురాళ్లు సరిగా ఉన్నాయో లేవో ముందు అమ్మమ్మ చేతిలో పెట్టి తెలుసుకున్నాడని ఇంట్లో ఒక కథ ఉంది. కథ చెప్పేది అమ్మమ్మే కాబట్టి ఎన్నిసార్లు చెప్పినా అందులో గ్రాము తగ్గదు.

ఆ ముప్పై ఏళ్లు ఆవిడకు ఇచ్చిన బహుమతి ఇంకొకటుంది. కుడి భుజం ఎడమ భుజం కన్నా రెండు వేళ్లు కిందికి ఉంటుంది. బట్టలు కుట్టే ఆవిడ ప్రతిసారీ టేపు రెండుసార్లు పెట్టి చూసి, తన కళ్లను తిట్టుకుంటుంది.

ఆ ఇంట్లో ఎవరికీ పేర్లతో పని లేదు. పుట్టినప్పుడు ఎవరు ఎన్ని కిలోలు తూగారో అదే పిలుపు. మామయ్య "మూడున్నర". ఆయనకు నలభై ఎనిమిదేళ్లు. ఆఫీసులో ఆయన కింద పదిమంది పనిచేస్తారు. ఫోనులోంచి "మూడున్నరా, వచ్చేటప్పుడు సబ్బులు తే" అని గట్టిగా వినబడగానే ఆ పదిమందీ తలలు వంచుకుని కాగితాలు వెతుక్కుంటారు. మనవరాలు "రెండుంబావు". తల్లి ఉద్యోగం వేరే ఊళ్లో కావడంతో చిన్నప్పటినుంచీ అమ్మమ్మ దగ్గరే పెరిగింది. ఆ పిలుపు పిలిచినప్పుడల్లా అమ్మమ్మ గొంతులో కొంచెం ఫిర్యాదు ఉంటుంది, పార్శిల్లో సరుకు తక్కువ వచ్చినట్టు.

రెండుంబావు చదువు కూడా బరువుకు తగ్గట్టే ఉంది. డిగ్రీలో రెండు పేపర్లు మిగిలిపోయి అక్కడే ఆగింది. పదకొండు చోట్ల ఉద్యోగానికి వెళితే పదకొండు చోట్లా "డిగ్రీ ఏదమ్మా?" అని అడిగి పంపేశారు. పన్నెండోది వీడియో గేములు తయారుచేసే చిన్న ఆఫీసు. వాళ్లకు కావలసింది తయారవుతున్న గేమును రోజంతా ఆడి, అందులో తప్పులు పట్టే మనిషి.

"తప్పులు పట్టడం వచ్చా?" అని అడిగారు.

"మా అమ్మమ్మ దగ్గర పెరిగానండీ."

ఉద్యోగం ఇచ్చేశారు. షరతులు రెండే. లాప్‌టాప్ సొంతది తెచ్చుకోవాలి, అందులో వాళ్ల గేము గంటసేపు నత్తి లేకుండా నడవాలి. వచ్చే సోమవారం పొద్దున తొమ్మిదికి లాప్‌టాప్‌తో సహా కుర్చీలో ఉండాలి. లేకపోతే ఆ కుర్చీ తర్వాతి మనిషిది.

"లాప్‌టాప్ నేను కొనిపెడతానే" అంది అమ్మమ్మ.

రెండుంబావుకు సంగతి తెలుసు. అమ్మమ్మ కొనడమంటే అమ్మమ్మ తూచడం. అమ్మమ్మ తూస్తే ఏ షాపువాడూ అంతకుముందులా ఉండడు.

ఉద్యోగం ఇచ్చిన ఆ సోమవారమే షాపుకెళ్లారు. షాపాయన మొదట చూపించిన లాప్‌టాప్ మందంగా, అట్టపెట్టెకు రెక్కలొచ్చినట్టు ఉంది. గేము బ్రహ్మాండంగా నడిచింది. అమ్మమ్మ రెండు చేతులతో ఎత్తి, "రెండు కిలోల ఆరొందలు. దీన్ని మోసేవాళ్లకు వేరే మనిషి తోడు కావాలి" అని దించేసింది. రెండోది ఈకలా ఉంది. అందులో గేము పెడితే ఒక బొమ్మకూ ఇంకో బొమ్మకూ మధ్య తీరిగ్గా ఆవులించొచ్చు. మూడోది గేముల కోసమే చేసినది, సన్నంగా, నల్లగా ఉంది. రెండుంబావు ఒక గంట కూర్చుని ఆడింది. లోపలి ఫ్యాన్లు పిండిమరలా మోగాయి. మీటల పైన ఉన్న రేకు చెయ్యి పెట్టలేనంత కాలింది. కానీ వేళ్లుండే చోట వెచ్చగా మాత్రమే ఉంది. బొమ్మ ఒక్కసారి కూడా తడబడలేదు.

"ఇదే అమ్మమ్మా" అంది రెండుంబావు. ఆ గొంతులో ప్రాధేయపడటమే ఎక్కువ.

"ప్రపంచంలో ఇంత పవరున్నవాటిల్లో ఇంత తేలికది దొరకదమ్మగారూ" అన్నాడు షాపాయన. "కిలో ఆరొందల యాభై. పెట్టె మీద రాసే ఉంది."

"పెట్టె మీద రాసింది నమ్మేదానికైతే నాకు ముప్పై ఏళ్లు జీతమెందుకిచ్చారయ్యా?" అంటూ అమ్మమ్మ అరచేతిలోకి తీసుకుంది. కళ్లు మూసింది. షాపులో అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ కూడా ఆగి చూస్తున్నారు. "కిలో ఏడొందలు."

షాపాయన నవ్వి, కొరియర్ పెట్టెలు తూచే కాటా తెప్పించాడు. కాటా కిలో ఏడొందలు చూపించింది. ఆయన పెట్టెను కళ్ల దగ్గరికి తెచ్చుకుని చదివితే, అంకె పక్కన చీమతలంత అక్షరాల్లో "నుంచి మొదలు" అని ఉంది.

"మొదలయ్యాక అది ఎక్కడిదాకా పోతుందో చెప్పలేదు చూశావా?" అంది అమ్మమ్మ. "దీని తోకేది?"

తోకంటే ఛార్జర్. ఆయన తీసి ఇచ్చాడు. ఇటుక సైజులో ఉంది.

"ఆరొందల డెబ్బై. మొత్తం రెండు కిలోల మూడొందల డెబ్బై. ఏమే రెండుంబావూ, నువ్వు పుట్టినప్పుడు ఇంత లేవు. నీ కన్నా నూట ఇరవై గ్రాములు ఎక్కువ ఇది."

"సన్నంగానే ఉందిగా అమ్మమ్మా."

"మీ మామయ్యా సన్నంగానే ఉంటాడు. ఎవరు భరిస్తున్నారు?"

"అమ్మగారూ, తూకం అయిపోయింది కదా, బిల్లు రాయమంటారా?" అన్నాడు షాపాయన.

"ఎక్కడయింది? ఎత్తేటప్పటి బరువు తూచాను. దించేటప్పటి బరువు తెలియొద్దూ?"

షాపాయన స్టూలు మీద కూలబడ్డాడు. ఆ రకం ఒకటే మిగిలిందనీ, శనివారం దాకా మాత్రమే అట్టే పెడతాననీ నీరసంగా చెప్పాడు.

మర్నాటినుంచి అమ్మమ్మ పొద్దున ఏడున్నరకల్లా సంచి భుజాన వేసుకుని ఎటో వెళ్లిపోవడం మొదలెట్టింది. ఎక్కడికంటే "తూకానికి" అనేది. పదకొండు గంటలకు వచ్చి, కుడి భుజం మీద వేడినీళ్ల సంచి పెట్టుకుని పడుకునేది. వేరే షాపులన్నీ తిరిగి, ఊళ్లో ఉన్న లాప్‌టాప్‌లన్నిటినీ వరసగా అవమానిస్తోందని రెండుంబావు అనుకుంది.

ఇంట్లో వస్తువులు కూడా అదే వారం తిరగబడ్డాయి. ఇస్త్రీపెట్టె మాయమైంది. తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టే రాయి మాయమైంది. తలుపు పొద్దస్తమానం ధన్ ధన్‌మని కొట్టుకుంటోంది. మామయ్య నమిలి ఉమ్మేసినట్టున్న చొక్కాలతో ఆఫీసుకు పోతున్నాడు.

"అమ్మా, ఇస్త్రీపెట్టె చూశావా?"

"ఇల్లన్నాక వస్తువులు తిరుగుతాయిరా మూడున్నరా."

"చెంచాలు తిరుగుతాయి. ఇస్త్రీపెట్టె ఎక్కడికి తిరుగుతుందమ్మా? నన్ను మా ఆఫీసులో ఇంట్లో ఏమైనా ఇబ్బందా అని అడుగుతున్నారు."

"ఉందని చెప్పు. సానుభూతి వస్తుంది."

మంగళవారం పోయింది. బుధవారం, గురువారం కూడా పోయాయి. రెండుంబావుకు తిండి సయించడం లేదు. కళ్లు మూస్తే తన కుర్చీలో ఎవరో డిగ్రీ ఉన్న మనిషి కూర్చుని గేములో తప్పులు పట్టేస్తున్నట్టు కనబడుతోంది. శుక్రవారం మధ్యాహ్నం ఆగలేకపోయింది.

"నీకు కొనడం ఇష్టం లేకపోతే చెప్పు అమ్మమ్మా. ఇప్పటికి పదకొండు చోట్ల కాదనిపించుకున్నాను. పన్నెండోది నీ చేత్తో పూర్తి చెయ్యి. నాకేం కొత్త కాదు."

అమ్మమ్మ వేడినీళ్ల సంచి పక్కకు జరుపుకుంది.

"ఆ తోక తగిలించకపోతే అది ఎంతసేపు బతుకుతుందే?"

"గేము ఆడితే గంటన్నర. ఊరికే ఉంచితే ఆరు గంటలు."

"బస్సులో ఆడతావా?"

"బస్సులోనా? ఆ టైములో నిలబడటానికే చోటుండదు."

"అది నాకు తెలుసు" అంది అమ్మమ్మ, గోడవైపు తిరిగి పడుకుంటూ.

మామయ్య బండి మీద ఆఫీసుకెళతాడు. అమ్మమ్మ గుమ్మం దాటితే మార్కెట్టు, మందులషాపు. ఆ టైము బస్సు సంగతి ఈవిడకెలా తెలుసో రెండుంబావుకు ఆలోచించే ఓపిక లేకపోయింది. ఏడ్చే పనిలో ఉంది.

శనివారం పొద్దున లేచేసరికి తలుపు చప్పుడు లేదు. రాయి దాని చోట అది ఉంది. ఇస్త్రీపెట్టె మాత్రం రాలేదు. అమ్మమ్మ పదకొండింటికి చేతులూపుకుంటూ వచ్చి, "పదవే, ఆ నల్లదే కొందాం" అంది.

"వద్దన్నావుగా?"

"వద్దని ఎప్పుడన్నాను? తూకం కాలేదన్నాను."

షాపులో రెండుంబావు లాప్‌టాప్‌ను మళ్లీ ఒకసారి ఆన్ చేసి చూసుకుంటుంటే, అమ్మమ్మా షాపాయనా వెనకగదిలో కాసేపు గుసగుసలాడుకున్నారు. ఆయన బయటికొచ్చేటప్పుడు మొహం వెలిగిపోతోంది. ఈవిడ ఇక రాదన్న సంతోషమనుకుంది రెండుంబావు.

సోమవారం పొద్దున సంచి అమ్మమ్మే సర్దింది. గుమ్మం దగ్గర ఒకసారి అరచేతిలో ఎగరేసి చూసి, మనవరాలి భుజాన వేసింది. రెండుంబావు రెండు బస్సులు మారింది. రెండిట్లోనూ నిలబడే వచ్చింది. సంచి మరీ ఇబ్బంది పెట్టలేదు. కొత్త ఉద్యోగం సంతోషం కాబోలనుకుంది.

ఎనిమిదీ యాభైకి ఆఫీసు గేటు దగ్గర, సంతకం పెట్టడానికి పెన్ను కోసం సంచిలో చెయ్యి పెట్టింది. లాప్‌టాప్ తగిలింది. నీళ్లసీసా తగిలింది. ఛార్జర్ తగల్లేదు. సంచి మొత్తం గేటు పక్క గట్టుమీద బోర్లించింది. లేదు. పని ఎనిమిది గంటలు. బ్యాటరీ గంటన్నర. ఇంటికెళ్లి రావాలంటే మూడు గంటలు. మొదటిరోజు పదిన్నరకల్లా తెర నల్లబడుతుంది, ఆ తర్వాత ఆ కుర్చీ, ఆ డిగ్రీ మనిషి. అమ్మమ్మ ప్రపంచంలో అన్నీ తూచి, తనకు కావలసిన ఆరొందల డెబ్బై గ్రాములే మర్చిపోయింది. రెండుంబావు ఆ గట్టుమీదే కూర్చుండిపోయింది.

"నువ్వేనా అమ్మా రెండుంబావు?"

తలెత్తి చూస్తే వాచ్‌మన్. నెరిసిన మీసాల పెద్దమనిషి. ఆయన చేతిలో ఒక డబ్బా, ఇంకో చేతిలో ఇస్త్రీపెట్టె.

"డబ్బాలో ఉన్నది నీ బల్ల దగ్గర పెట్టుకోవాలట, ఇంటికి తీసుకెళ్లకూడదట. ఇంట్లోది ఇంట్లోనే ఉంటుందట. నిన్న షాపాయన వచ్చి ఇచ్చిపోయాడు. మీ అమ్మమ్మగారు చెప్పారట."

డబ్బా తెరిస్తే కొత్త ఛార్జర్. లాప్‌టాప్‌కు వచ్చినదానికి కవల.

"మా అమ్మమ్మ మీకెలా తెలుసు?"

"ఎలా తెలుసంటావేమిటమ్మా? పోయిన వారమంతా ఈవిడ వచ్చాకే మాకు తెల్లారింది. లాప్‌టాప్‌కు బదులట ఇస్త్రీపెట్టె, దాని తోకకు బదులట రాయి, సంచిలో వేసుకుని ఆ రద్దీలో రెండు బస్సులు మారి వచ్చేది. లిఫ్టు పనిచేస్తోందమ్మా, ఎక్కండి అన్నాను. రోజూ చేస్తుందా అని అడిగింది. అబద్ధమెందుకు, చేయదన్నాను. నాలుగంతస్తులూ మెట్లెక్కి, పైన కూర్చుని, దిగి వెళ్లిపోయేది. శనివారం రాయి లేకుండా వచ్చింది. ఎంత ఖుషీగా దిగిందో, ఇస్త్రీపెట్టె పైన మెట్ల మీదే మర్చిపోయింది."

ఆయన వచ్చిపోయేవాళ్ల రిజిస్టరు ముందుకు జరిపాడు. సంతకం పెట్టబోతూ రెండుంబావు కాగితం వెనక్కి తిప్పింది. 'వచ్చిన పని' అన్న గడిలో, పార్శిల్ మూటల మీద రాసేంత పెద్ద అక్షరాలు. మంగళవారం: 'తూకం. రెండో అంతస్తు దాకా బాగానే ఉంది.' బుధవారం: 'తూకం. బస్సులో సీటు లేదు.' గురువారం: 'తూకం. పిల్ల మోయలేదు.' శుక్రవారం: 'తూకం. రాయి తీసేస్తే?' శనివారం: 'తూకం సరి.'

లిఫ్టు ఆ రోజు పనిచేస్తోంది. రెండుంబావు మెట్లెక్కే వెళ్లింది. తొమ్మిదికి రెండు నిమిషాల ముందు కుర్చీలో ఉంది. సాయంత్రానికి పద్నాలుగు తప్పులు పట్టింది. అందులో ఒకటి, కథానాయకుడు గుర్రాన్ని ఎత్తుకుని పరిగెత్తుతున్నాడనీ, అంత బరువు మోసినవాడికి కనీసం ఒక భుజం కిందికి వాలాలనీ. అది పెద్ద తప్పేనని ఆఫీసంతా ఒప్పుకుంది.

ఇంటికొచ్చేసరికి అమ్మమ్మ గుమ్మంలోనే ఉంది. ఎవరు బయటినుంచి వచ్చినా ముందు వాళ్ల చేతిలో సంచి లాక్కోవడం ఆవిడ అలవాటు. తూచే పిచ్చి అని ఇంట్లో అందరూ నవ్వుతారు. సంచి అరచేతుల్లోకి తీసుకుని కళ్లు మూసింది. కనుబొమలు ముడిపడ్డాయి.

"సంచి, సీసా తీసేస్తే మూడు కిలోల నాలుగొందలు. మీ మామయ్య కన్నా నూరు గ్రాములే తక్కువ. ఏం మోసుకొచ్చావే?"

"నువ్వే చెప్పు."

అమ్మమ్మ ఇంకోసారి ఎగరేసింది. కళ్లు తెరిచింది. మనవరాలి మొహం చూసింది. గబుక్కున సంచిలోంచి ఇస్త్రీపెట్టె తీసి, లోపలికి చూస్తూ కేకేసింది.

"ఒరే మూడున్నరా, ఇదిగో ఇస్త్రీపెట్టె దొరికింది. వస్తువులు ఎక్కడపడితే అక్కడ మర్చిపోయి ఇంట్లోవాళ్లను అంటావేమిటిరా?"

మామయ్య ముడతల చొక్కాతో బయటికొచ్చి ఇస్త్రీపెట్టె అందుకున్నాడు. రెండుంబావు అమ్మమ్మ కుడివైపుకు వెళ్లి నిలబడి, సంచి తిరిగి తన చేతిలోకి తీసుకుంది.