పాప ఏడిస్తే వెలిగే దీపం

చిట్టి చిన్న చిన్న యంత్రాలకు ప్రోగ్రాములు రాస్తుంది. వాళ్లక్కకు పుట్టుకతోనే వినపడదు. ఆ అక్క ఇంట్లో బట్టలు కుడుతుంది. అక్కకు పాప పుట్టగానే చిట్టి ఒక పెట్టె తయారుచేసింది. లోపలి గదిలో ఉయ్యాలతొట్టి పక్కన పెడితే, ఏడుపు వినగానే వైఫై మీద కబురు పంపుతుంది. ముందుగదిలో కుట్టుమిషను మీద దీపం వెలుగుతుంది.

కొన్నాళ్లు బాగానే పనిచేసింది. ఒక మధ్యాహ్నం దీపం వెలగలేదు. బావ ఇంటికొచ్చేసరికి ఏడ్చి ఏడ్చి పాప గొంతు బొంగురుపోయింది. ముందుగదిలో అక్క చొక్కాకు కాలరు కుడుతూ ఉంది.

ఆ రోజే అక్క తొట్టిని మిషను పక్కకు లాక్కుంది. చిట్టిని పల్లెత్తు మాట అనలేదు. అదే చిట్టికి మరీ గుచ్చుకుంది.

ఆఫీసులో చిట్టి పెట్టెను ఎన్నిసార్లు పరీక్షించినా తప్పు దొరకలేదు. చివరికి సెలవు రోజున పెట్టె, లాప్‌టాప్ పట్టుకుని అక్కింటికే వచ్చింది.

"పాపను ఏడిపించలేం కదా. మీరే ఏడవండి బావా."

"పెళ్లయిన దగ్గర్నుంచీ నాకదే అలవాటు," అంటూ బావ లోపలి గదిలో పెట్టె ముందు కూర్చుని రాగం ఎత్తుకున్నాడు. పక్కింటావిడ తలుపు తట్టి, "అంతా బాగానే ఉందా అండీ?" అని అడిగి వెళ్లింది.

పెట్టెలో ఖాళీ మెమరీ ఎంతుందో చిట్టి తెర మీద చూస్తోంది. ఇంతలో అక్క గుడ్డ కోసం ఇనుప బీరువా తెరిచింది. ఆ తలుపు పెట్టెకు అడ్డుపడి సిగ్నల్ తెగింది. ఖాళీ మెమరీ తగ్గింది, మళ్లీ పెరగలేదు.

"ఆపకండి బావా, ఏడుస్తూనే ఉండండి."

ప్రతి కబురుకూ పెట్టె కాస్త మెమరీ తీసుకుంటుంది. అందినట్టు దీపం నుంచి జవాబు వస్తేనే దాన్ని వదిలేలా చిట్టి రాసింది. సిగ్నల్ తెగితే జవాబు రాదు, ఆ మెమరీ అలాగే చిక్కుకుపోతుంది. అలా పోగా పోగా కొత్త కబురుకు చోటే మిగల్లేదు. ఆఫీసులో సిగ్నల్ ఎప్పుడూ తెగలేదు.

చిట్టి సైగలతో అక్కకు అంతా చెప్పింది. అక్క చేతులు ఆడించింది: "తీసుకున్నది తిరిగివ్వకపోవడం నీ బుద్ధేగా. నా కత్తెరలెన్ని నీ దగ్గరున్నాయి?"

చిట్టి నవ్వబోయి ఏడ్చేసింది. అక్క ఆమె తలను పొట్టకు ఆనించుకుని నిలబడింది.

జవాబు రాకపోయినా కాసేపటికి మెమరీ వదిలి, కబురు మళ్లీ పంపేలా చిట్టి మార్చింది. పెట్టె నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే దీపం దానంతటదే మిణుకుమనేలా కూడా రాసింది. అయినా అక్క వెంటనే నమ్మలేదు. బావను రోజూ పెట్టె ముందు ఏడిపించి చూసుకుంది.

తర్వాత చిట్టి వచ్చినప్పుడు, తొట్టి రెండో కొస పట్టుకోమని అక్క సైగ చేసింది. ఇద్దరూ మెల్లగా దాన్ని లోపలి గదిలోకి చేర్చారు. నిద్రపోతున్న పాప కదల్లేదు. అక్క పనిలోకి వెళ్లిపోయింది. చిట్టి మాత్రం కాసేపు పాప పక్కనే నేల మీద పడుకుంది.