మాంసం కొట్టాయన సానపట్టిన కత్తెర

మా ఎదురింట్లో మిషన్ కుట్టే అమ్మాయి, మొగుడు పోయాక కూడా ఎవరి ముందూ చెయ్యి చాచలేదు. వీధిలో అందరి చిరుగులూ ఊరికే కుట్టిపెట్టేది గానీ, గుక్కెడు మంచినీళ్లయినా అడిగేది కాదు. ఆమె బావగారు ఆ మిషన్ తమ్ముడిది కనుక తనదేనంటూ వచ్చి, జుట్టు పట్టుకుని గోడకేసి బాదిన రోజు, వీధి వీధంతా తలుపులేసుకుంది. నేను వెళ్లేసరికి వాడు వెళ్లిపోయాడు, గోడంతా నెత్తురు.

"కేకెయ్యొచ్చు కదే! నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నావా?" అన్నాను.

"ఎవర్ని పిలవను పిన్నీ? ఎవరికీ బరువు కాకూడదనీ..."

"అదేనే నీ తెగులు. అందరికీ చేసిపెడతావు, ఎవరిచేతా చేయించుకోవు. ఇక నువ్వు వాళ్ల మనిషివెట్లా అవుతావు? వాడు మళ్లీ వస్తాడు. పో, ఏదో ఒక సాయం అడుగు."

"ఎవర్ని?"

"అందర్లోకీ మొండిఘటాన్ని."

అంటే మా వీధి మాంసం కొట్టాయన. బేరమాడితే కత్తిని చెక్కలో దిగ్గొడతాడు. ఏమవుతుందో చూడకపోతే నాకు అన్నం సయించదు కనుక వెనకే వెళ్లాను.

"అన్నా, కత్తెర మొద్దుబారింది. కాస్త సానపడతావా?"

"ఇది కత్తెరా, గరిటా?" అని కసిరాడు. కసురుతూనే సానపట్టాడు. అది మొదలు, వస్తూ పోతూ గుమ్మంలో ఆగి, "తెగుతోందా చెల్లెమ్మా?" అని అడగడమే. సాయం పొందింది ఆమె, మురిసిపోయేది ఆయన!

బావగారు పట్టపగలే వచ్చాడు. తలుపు తన్నాడు. మిషన్ని వాటేసుకున్న ఆమె వేళ్లను బూటుకాలితో తొక్కాడు. ఆ ఎముకల చప్పుడు నా వంటింట్లోకి వినిపించింది. నేను ఉరికేసరికి, బల్లమీది కత్తెర తీసి ఆమె మెడకానించాడు.

"వదుల్తావా, కొయ్యనా?"

"అన్నా!" అని ఈసారి అరిచింది.

మాంసం కొట్టాయన చేతిలో కత్తితోనే ఉరికొచ్చాడు. "నేను సానపట్టిన కత్తెర్రా అది! నా చెల్లెలి మెడమీదే పెడతావా?" అంటూ ఎడంచేత్తో దాని అలుగులనే పట్టి గుంజేశాడు. అరచెయ్యి చీలి నెత్తురు ధారకట్టింది. వాణ్ణి పడేసి, గుండెలమీద కూర్చుని, ఆ చేత్తోనే మొహం పచ్చడి చేశాడు. పళ్లు గుడ్డముక్కల్లో రాలాయి. నేను ఆగరా ఆగరా అంటున్నా వినడే! కత్తి పైకి లేచింది.

ఆమె పాక్కుంటూ వచ్చి మోచెయ్యి పట్టుకుంది.

"అన్నా, ఇంకొక్క సాయం."

"ఏంటది?" ఊగిపోతూనే అడిగాడు.

"వీణ్ణి బతకనియ్యి. నువ్వు జైలుకెళితే నా కత్తెర ఎవరు సానపడతారు?"

కత్తి మెల్లగా దిగింది. బావగారు దేక్కుంటూ గుమ్మం దాటాడు. మళ్లీ మా వీధి మొహం చూడలేదు.

ఆయన చీలిన అరచెయ్యి చాపాడు. ఆమె గుడ్డపేలిక చుట్టింది గానీ, విరిగిన వేళ్లతో ముడి పడలేదు.

"పిన్నీ, ముడి నువ్వెయ్యవూ?"

ఇన్నేళ్లలో నన్నామె ఒకటి అడగడం అదే మొదలు. గట్టిగా వేశాను.