ఎండపెట్టెలో ఎసరు

ఆ రోజుల్లో మా వైపు పొయ్యిలోకి పత్తికట్టె, కందికట్టె, పిడకలు తప్ప వేరే దిక్కు లేదు. వేసవి ముదిరేసరికి అవి కూడా అడుగంటి, ఆడవాళ్లు పొయ్యి ముందు కంటే కట్టెల వేటలోనే ఎక్కువసేపు గడిపేవారు. నెత్తి మాడ్చే ఎండ మాత్రం ఎవరూ అడగకుండానే ఇంటింటికీ వచ్చి పడేది. ఈ రెండు సంగతులనూ ఒకచోట చేర్చి ఆలోచించిన మేధావిని మా తాలూకా మొత్తానికి నేనొక్కణ్ణే అని ఇరవై రెండేళ్ల వయసులో నాకు గట్టి నమ్మకం. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది గాని, ఆ నమ్మకమే లేకపోతే ఆ వయసులో నేను చేయగలిగింది కూడా ఏమీ ఉండేది కాదు.

నందికొట్కూరు దగ్గర ఒక ఊళ్లో హైస్కూలు సైన్సు అయ్యవారిగా చేరి అప్పటికి ఏడాది కావస్తోంది. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. తనిఖీకి వచ్చే ఇన్‌స్పెక్టరు మంచిమాట రాస్తే ఖాయం, లేకపోతే కడపకు తిరిగిపోయి మా మేనమామ బట్టల దుకాణంలో గజంబద్ద పట్టుకోవడం. (మా మామ అప్పటికే నా కోసం ఒక గజంబద్ద విడిగా తీసిపెట్టి ఉంచాడని మా అమ్మ జాబు రాసింది.) అలాంటి సమయంలో మామూలు మనిషైతే పాఠం చెప్పి ఊరుకుంటాడు. నేను మాత్రం ఇన్‌స్పెక్టరుగారి మధ్యాహ్న భోజనం నిప్పు లేకుండా, కట్టె లేకుండా, కేవలం ఎండతో వండి పెడతానని హెడ్మాస్టరుగారికి మాట ఇచ్చేశాను.

ఆయన కళ్లజోడు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుని నన్ను చూశారు. "ఏమప్పా, నిజంగా ఉడుకుతాదా? ఆయప్ప ఒంటిగంట దాటితే ఆకలికి తట్టుకోల్యాడు. నీ కాగితం ఆయప్ప చేతిలో ఉండాది, ఆయప్ప కడుపు నీ చేతిలో ఉండాది. సూసుకో మల్ల."

"సూర్యుడే సమస్త శక్తికీ మూలం సార్," అన్నాను.

"మూలమో గీలమో, పప్పు కూడా ఉడకల్ల."

పెట్టె తయారీకి పది రోజులు పట్టింది. టీ పొడి వచ్చే చెక్కపెట్టె లోపల రేకు డబ్బా అమర్చి, రెంటి నడుమ వేడి బయటికి పోకుండా శెనక్కాయ పొట్టు దట్టించాను. రేకుకు లాంతరు మసి పూశాను. అంతకుముందు ఇంటికి పోయినప్పుడు ఊడదీసి తెచ్చుకున్న మా తాతగారి పటం అద్దం పైన మూతగా బిగించాను. (ఆ తర్వాత సెలవులకు ఇంటికి పోయినప్పుడు మా అవ్వ, "మీ తాత మొగం మీద దుమ్ము పడతాండాది, నీకేమన్నా బుద్ధుండాదా?" అని అడిగింది. శక్తి రూపాంతరాల గురించి చెప్పబోయి మానుకున్నాను.) ఎండను లోపలికి మళ్లించడానికి మంగలాయన దగ్గర పాత అద్దం బతిమాలి తెచ్చాను. ఒక ఆదివారం పది గంటలకు గిన్నెలో బియ్యం పోసి పెట్టెలో పెట్టి, పది నిమిషాలకొకసారి వేడి కొలుద్దామని డైరీలో గళ్లు గీసుకుని, వేపచెట్టు నీడలో కూర్చున్నాను. నిద్ర పట్టేసింది. లేచేసరికి ఒంటిగంట. మూత తీస్తే అన్నం మల్లెమొగ్గల్లా విచ్చుకుని ఉంది! ఆ రోజు డైరీలో ఇలా రాసుకున్నాను: "ప్రయోగం ఫలించింది. కాని కొలతలు లేవు. కనుక శాస్త్రీయం కాదు. ఈసారి నిద్రపోరాదు."

తనిఖీ రోజు నిద్రపోలేదు. బడి ఆవరణలో పెట్టె, అందులో బియ్యం గిన్నె, పప్పు గిన్నె, చుట్టూ నా తరగతి పిల్లలు, కుర్చీలో ఇన్‌స్పెక్టరుగారు, ఆయన వెనుక హెడ్మాస్టరుగారు. నేను గడియారం చేతబట్టి, సరిగ్గా పది నిమిషాలకొకసారి పెట్టె మీది అద్దం ఎత్తి, గిన్నె మూత తీసి, థర్మామీటరు ముంచి, నిదానంగా అంకె చదివి, డైరీలో ఎక్కించి, ఒకసారి గరిటెతో కలిపి, మళ్లీ మూసేవాణ్ణి. మేఘం జాడ లేదు, ఎండ నిప్పులు చెరుగుతోంది. అయినా నా అంకెలు కాస్త ఎక్కుతూ, మళ్లీ దిగుతూ, అక్కడక్కడే తిరుగుతున్నాయి. పన్నెండున్నర దాటింది. ఒంటిగంటయింది. గిన్నెలో బియ్యం బియ్యంగానే ఉంది.

మా అయ్యవార్లకు రోజూ జొన్నరొట్టెలు చేసిపెట్టే ఒక ముసలమ్మ ఉండేది. అందరం రొట్టెలవ్వ అనేవాళ్లం. వింత చూద్దామని వచ్చి అప్పటిదాకా గోడ పక్కన నిలబడి ఉంది. ఇక ఓర్చుకోలేక ముందుకొచ్చింది.

"ఏం నాయినా, బియ్యానికి ఈత నేర్పిస్తాండావా?"

పిల్లలు కిసుక్కున నవ్వారు. "కొలతలు తీసుకుంటున్నానవ్వా," అన్నాను గంభీరంగా.

"కొల్సుకుంటే కడుపు నిండుతాదా? గడియకోసారి మూత తీస్తాంటే యాడ ఉడుకుతాది? నా కోడలు కొత్తగా వచ్చినప్పుడు ఇట్లే చేస్తాండె. చేతి మీద ఒకటి ఏసినా. నువ్వు అయివారివైపోతివి, యేం చేద్దును!"

ఇన్‌స్పెక్టరుగారు కోస్తా వైపు మనిషి. అంతవరకూ ఆకలితో బిగుసుకుపోయిన ఆయన ముఖంలో ఏదో కదిలింది. పిల్లల వైపు తిరిగి, "ఇందులో అన్నం ఎందుకు ఉడకలేదో ఎవరైనా చెప్పగలరా?" అని అడిగారు.

తరగతి తరగతంతా చేతులెత్తింది. ముందు వరుసలో రెండు జడల పిల్ల లేచి గడగడా అప్పజెప్పింది: "సారు మూత తీసినప్పుడల్లా వేడి గాలి పైకి పోయింది సార్, సల్లగాలి లోపలికి వచ్చింది సార్. దీన్ని ఉష్ణ సంవహనం అంటారు. ఆవిరి కూడా వేడిని ఎత్తుకుపోయింది. మా సారే చెప్పినారు సార్."

హెడ్మాస్టరుగారు ఆకాశం వైపు చూశారు. నాకు కళ్ల ముందు గజంబద్ద కనిపించింది.

ఇన్‌స్పెక్టరుగారు ఆ పూట రొట్టెలవ్వ ఇంట్లో జొన్నరొట్టె, ఎర్రకారం, వంకాయ పులుసు తిన్నారు. మూడో రొట్టె దగ్గర ఒకసారి దగ్గి, నీళ్లు తాగి, నాలుగోది కూడా అడిగారట. వెళ్లేముందు తనిఖీ పుస్తకంలో ఇంగ్లీషులో రాసినదానికి తెలుగు ఇది: "ఉష్ణమును గూర్చిన పాఠము విద్యార్థులకు చక్కగా బోధపడినది. ఉపాధ్యాయునికి కూడా కాలక్రమమున బోధపడగలదు. ఖాయపరచవచ్చును."

అందరూ వెళ్లిపోయాక, ఉద్యోగం నిలిచిందన్న సంతోషమూ పరువు పోయిందన్న దుఃఖమూ సమానంగా పంచుకుని స్టాఫు గదిలో చాలాసేపు కూర్చున్నాను. మూడున్నరకు పెట్టె ఎత్తి లోపల పెడదామని పోతే, అద్దమంతా లోపలివైపు ఆవిరి పట్టి ఉంది. మూత తీశాను. అన్నం ఉడికింది. పప్పు కూడా మెత్తగా ఉడికింది. పిలిచి చూపిద్దామంటే ఆవరణలో నరపురుగు లేదు. అంతవరకూ నాకూ తిండి లేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఎండలోనే నిలబడి, ఉప్పు కూడా లేకుండా, చేతులు కాలుతున్నా ఆగకుండా, ఇన్‌స్పెక్టరుగారి భోజనం మొత్తం నేనే తినేశాను.

ముప్పై ఆరేళ్లు ఆ పాఠమే చెప్పి విరమించాను. ఆ ఇరవై రెండేళ్ల యువకుడు ఇప్పుడు నాకు ఎదురైతే మందలించను. పక్కన ఒక కుర్చీ వేసి కూర్చోబెట్టి, కడప కబుర్లో, వాళ్ల మామ కబుర్లో చెప్పించుకుంటూ, ఒక మూడు గంటలపాటు ఆ చేతులు పెట్టె మీదికి పోకుండా చూసుకుంటాను, అంతే.