పోతమ్మ డాబా మీద దుమ్ము కొలత

యోహాన్ కార్బన్ బ్రష్‌ను ఉప్పుకాగితం మీద నెమ్మదిగా అరగదీస్తున్నాడు. దాని ఒంపు మోటారు గుండ్రానికి సరిగ్గా అతకాలి. అతకకపోతే రవ్వలు లేస్తాయి, గాలి లాగుడు తగ్గిపోతుంది. అనుమానమంతా ఆ లాగుడు మీదే.

పదో తరగతి దాటని యోహాన్ ఈ పని కూర్మన్నపాలెంలో మోటార్లు చుట్టే కొట్టులో నేర్చుకున్నాడు. తొంభై ఆరులో ఒక లేబొరేటరీవాళ్లు గాలిలో దుమ్ము కొలిచే మిషన్ తెచ్చి బాగుచేయమన్నారు. చేశాడు. అప్పట్నుంచి అతన్ని వదల్లేదు. వారానికి రెండు రోజులు రేవు వెనక జాలర్ల వీధిలో పోతమ్మ డాబా ఎక్కి, అక్కడ పెట్టిన మిషన్‌లో తెల్ల కాగితం పెట్టి, ఎనిమిది గంటలయ్యాక నల్లబడ్డదాన్ని తీసి తూచడం అతని పని.

ఇన్నేళ్లూ లెక్క ఘనమీటరు గాలికి నూట ముప్పై మైక్రోగ్రాముల దుమ్ము చుట్టూనే తిరిగేది. ఎవరూ పట్టించుకోలేదు. రేవు బొగ్గుగుట్టల పక్క వీధి కనక దాన్ని పరిశ్రమల ప్రాంతంలో వేశారు, అక్కడ నూట యాభై దాకా తప్పులేదు. ఇళ్లుండే చోటైతే వందే హద్దు. రెండువేల తొమ్మిది నవంబరులో ప్రభుత్వం ఆ తేడా ఎత్తేసింది. అందరికీ వందే.

ఆ కబురు చెబితే పోతమ్మ డాబా మీద ఎండబెట్టిన నెత్తళ్ల చేపల మీద మసి దులుపుతూ, "మావూ ఊపిరి పీల్చే మనుసులవేనని ఇప్పుడు తెలిసిందేటి ఆలకి?" అంది.

తీరా కొత్త హద్దు వచ్చాక, డిసెంబరంతా లెక్క ఎనభై దాటలేదు. ఆ రిపోర్టు వెళ్తే వీధి శుభ్రంగా ఉన్నట్టే. గుట్టల మీద టార్పాలిన్ పట్టా కప్పమని రేవువాళ్లను అడిగే దారి మూసుకుపోతుంది.

లాగుడు తగ్గడం వల్లే లెక్క పడిపోయిందేమోనని కొత్త బ్రష్ బిగించి కిందికి దిగిన యోహాన్, మోటారు చప్పుడు కుదురుకుందో లేదో విందామని అరగంటలో మళ్లీ ఎక్కాడు. మిషన్ చుట్టూ తడి గోనెలు వేలాడుతున్నాయి. పోతమ్మ బకెట్‌తో నీళ్లు జల్లుతోంది.

"ఏటత్తా ఇది?"

"రోజూ సేసీదే అల్లుడా. కొత్త సట్టం మిసను కదా, మసిబారిపోతే ఎలాగ? నువ్వొచ్చే ముందు తీసేత్తన్నాను."

యోహాన్ పిట్టగోడ మీద కూలబడి నవ్వాడు. "పెళ్లోరికి వాకిట్లో జల్లినట్టు దీనికి కళ్లాపేటి? ఇది మసి తినడానికే పుట్టింది. దాని కంచం లాగేసినావు నువ్వు."

పోతమ్మ బకెట్ దించేసింది. "అయ్యో! మా ఈది బాగుందని రాసేసినావా?"

"ఇంకా ఇవ్వలేదులే."

లేబొరేటరీ నడిపే శ్రీరామ్మూర్తికి చెబితే విసుక్కున్నాడు. "నంబర్లు బాగున్నాయి కదయ్యా, ఎందుకు కెలుకుతావ్?"

"కొలత తప్పు సార్. డిసెంబరు కొలతలు ఎనిమిదీ కొట్టేసి మళ్లీ కొలుత్తాను. నెల్రోజులు ఆగండి."

"నెలంటే నెలే. ఒక్కరోజు దాటినా ఊరుకోను."

జనవరిలో యోహాన్ కొలత రోజు ఒక్కటీ తప్పలేదు. మిషన్ ఆడే రోజుల్లో పోతమ్మ ఎవర్నీ మెట్లెక్కనివ్వలేదు, నెత్తళ్లు కూడా కిందే ఎండబెట్టింది. ఎనిమిది కొలతల సగటు నూట ముప్పై నాలుగు వచ్చింది.

డిసెంబరు లెక్కల మీద గీత కొట్టి, పక్కన "తడి గోనెలు కట్టారు, నీళ్లు జల్లారు" అని రాసి, కింద సంతకం పెట్టాడు. మద్దిలపాలెం దగ్గర కాలుష్యం సంగతి చూసే సర్కారు ఆఫీసులో గుమాస్తా ఆ కాగితాలు తిరగేసి, "ఈ వీధి హద్దు దాటిందని రాయడం ఇదే మొదటిసారి. ఇంక రేవువాళ్లు జవాబు చెప్పుకోవాల్సిందే" అంటూ ముద్ర వేశాడు. యోహాన్ రసీదు తీసుకున్నాడు.