రేగులపాడు మంచినీళ్ళ బావి

సాల్మన్ గారు మొదటిసారి మా షాపుకి వచ్చింది తాను బతికే ఉన్నానని రుజువు చేసుకోవడానికి. పింఛను తీసుకునేవాళ్ళు ఏటా ఆ పని చెయ్యాలి. వేలిముద్ర వేస్తే కంప్యూటరు ఒప్పుకుంటుంది. కానీ ముప్ఫై నాలుగేళ్ళు లైన్‌మన్‌గా కరెంటు తీగలు లాగిన చేతులాయనవి. వేళ్ళ మీద గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. పదిసార్లు నొక్కించినా మిషను ఆయన్ని బతికున్నవాళ్ళలో కలపలేదు. దానికి తోడు సర్వరు పడిపోయింది.

నల్లపాడు స్టేషను దగ్గర జిరాక్సు, నెట్ సెంటరు నడుపుతున్నాను. గౌస్ బాషా షాపంటే ఎవరైనా చూపిస్తారు. నాకు ఓపిక తక్కువని కూడా వాళ్ళే చెబుతారు. ఎదురుగా ఎవరైనా కూర్చుని నిట్టూరుస్తుంటే నాకు పని సాగదు. అందుకని ఆయన్ని మూలనున్న మూడో సిస్టం ముందు కూర్చోబెట్టి ఒక ఆట తెరిచి ఇచ్చాను. పాతకాలపు రాజ్యాల ఆట అది. చుట్టుపక్కల పిల్లల కోసం ఎప్పుడో వేయించాను. వాళ్ళకి ఫోన్లు వచ్చాక దాన్ని ముట్టుకున్నవాడు లేడు.

ఆటలో ముందు మనకి ఖాళీ నేల, ఒక వాగు, నాలుగు ఎద్దులు, పన్నెండు మంది మనుషుల్ని ఇస్తారు. అడవి కొట్టి, ఇళ్ళు కట్టి, పంట పండించి, మెల్లగా దాన్ని సామ్రాజ్యం చెయ్యాలి. మీట నొక్కితే ఒక ఋతువు గడుస్తుంది. ఆయన ముఖం చిట్లించాడు. అరవై నాలుగేళ్ళొచ్చాక నాకు బొమ్మలాటేంటి బాషా అన్నాడు. గంట తర్వాత సర్వరు వచ్చింది రండి అని పిలిస్తే, ఉండవయ్యా, చేను కోతకొచ్చింది అన్నాడు.

మర్నాడు ముఖం ఫొటో తీస్తే ఆయన బతికున్నట్టు తేలింది. పని అయిపోయింది కదా, అయినా రావడం మానలేదు. పదింటికల్లా వచ్చి, కళ్ళజోడు తుడుచుకుని, మూడో సిస్టం ముందు కూర్చునేవాడు. ఇంకొక్క ఋతువు, ఇంకొక్కటి అంటూ మధ్యాహ్నం దాటించేవాడు. ఇంటి దగ్గర భార్య రెబ్కమ్మ అన్నం వడ్డించుకుని ఎదురుచూసి, చివరికి నాకు ఫోన్ చేసేది. చేరదీసి చెడగొట్టింది నేనేనని ఆమె అభిప్రాయం. నిజమే కాబట్టి మాట్లాడేవాణ్ణి కాదు.

రోజూ చూస్తుంటే ఒక సంగతి గమనించాను. ఈ ఆట ఎవరాడినా ముందు ఇళ్ళు కడతారు. ఈయన ముందు దివిటీ స్తంభాలు పాతేవాడు. ఒకటి, రెండు అని నోటితో లెక్కపెట్టుకుంటూ, వాగు పక్కనుంచి వంపు తిప్పి, వరసగా నలభై ఒకటి. తప్పు పడితే మొత్తం పీకి మళ్ళీ మొదలు. అవి నిలబడ్డాకే ఒక్కో స్తంభం పక్కన ఒక్కో ఇల్లు. కోట కట్టమనీ, సైన్యాన్ని పెంచమనీ ఆటలోని మంత్రి మొత్తుకుంటూనే ఉన్నాడు. అదంతా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

ఏం కడుతున్నారన్నా అని ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. రేగులపాడు అన్నాడు.

అది ఆయన పుట్టిన ఊరట. కృష్ణానది దగ్గరి మెట్ట ఊరు. మిరప, పత్తి తప్ప ఇంకోటి తెలియని నేల. ప్రాజెక్టు నీళ్ళు వస్తున్నాయని పన్నెండేళ్ళ కిందట ఖాళీ చేయించారు. జనం వెళ్ళాక కరెంటు తీగలు విప్పే పనికి ఊరు తెలిసినవాడివని ఆయన్నే పంపారు. ఒక్కో స్తంభం ఎక్కి, ఒక్కో ఇంటికి వెళ్ళే తీగ తన చేత్తోనే కత్తిరించాడు. చివరి స్తంభం దిగాక వెనక్కి తిరిగి చూడలేదట. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ఇళ్ళు గుర్తురావు, స్తంభాలు గుర్తొస్తాయి. స్తంభాన్ని పట్టుకుంటే ఇల్లు దొరుకుతుంది. ఏడోది గురవమ్మ గారి పశువుల కొట్టం. పంతొమ్మిదోది పేరయ్య మిరప కల్లం. వెక్కిరిద్దామని అడిగిన నేను కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను.

ఆ తర్వాత నాకూ ఆ ఊరి పిచ్చి పట్టింది. జిరాక్సుకి వచ్చినవాళ్ళని కాసేపు ఆగమని చెప్పి మరీ చూసేవాణ్ణి. ఊరు కళకళలాడుతోంది, చేలు ఎర్రబడుతున్నాయి. కానీ చివరి అయిదు స్తంభాల దగ్గరున్న ఇళ్ళు మాత్రం నిలవడం లేదు. ప్రతి ఇంటి మీదా ఎర్రటి నీటిచుక్క వెలిగేది. ఆ ఇంటికి బావి అందుబాటులో లేదని దానర్థం. రెండు ఋతువులు అలా వెలిగాక, ఆ ఇళ్ళలోని చిన్న చిన్న మనుషులు మూటలు నెత్తిన పెట్టుకుని బయల్దేరిపోయేవాళ్ళు. అది చూస్తే ఆయన తట్టుకోలేకపోయేవాడు. మళ్ళీ ఖాళీ అయిపోతోంది బాషా అని, కట్టిన ఊరంతా చెరిపేసి మొదటినుంచీ మొదలుపెట్టేవాడు. అలా నాలుగుసార్లు కట్టాడు. నాలుగుసార్లూ ఆ ఇళ్ళే ఖాళీ.

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆటలో పది రాళ్ళు ఖర్చుపెడితే అక్కడ ఇంకో బావి లేస్తుంది కదన్నా, ఎందుకీ మొండితనం అన్నాను.

"మాకక్కడ మంచినీళ్ళ బావి లేదయ్యా," అన్నాడు. "అది ఊరు కాదు, ఊరి బయటి మా పల్లె. పల్లె బావిలో ఉప్పునీళ్ళు. మంచినీళ్ళ బావి ఊళ్ళో పన్నెండో స్తంభం దగ్గరుండేది. మా అమ్మ అక్కడికెళ్ళి, బిందె పెట్టుకుని, గట్టుకి దూరంగా నిలబడేది. ఎవరన్నా తోడి పోస్తే తెచ్చుకోవాలి. పొయ్యకపోతే నిలబడాలి. నేను ఆమె కొంగు పట్టుకుని నిలబడేవాణ్ణి."

మళ్ళీ తనే అన్నాడు. "ప్రాజెక్టు నీళ్ళు మాత్రం ముందు మా పల్లెకే వచ్చాయి. పల్లంలో ఉన్నాం కదా."

నవ్వాడు కానీ నాకు నవ్వు రాలేదు. అలాంటి ఊరి కోసం ఇంత బెంగేమిటన్నా అని అడిగేశాను. నా నోటికి అదుపు లేదు. అమ్మ నిలబడింది అక్కడే కదా అన్నాడు. ఆ ఊరు లేకపోతే అమ్మని ఎక్కడని వెతుక్కోను అన్నాడు. అందుకే బావిని కదపడు. ఉన్నది ఉన్నట్టు కడితేనే అది రేగులపాడు. అలా కడితే ఆఖరి స్తంభం దగ్గరి అమ్మ ఇల్లు నిలవదు. ఆ చిక్కు విప్పడం నాకూ చేతకాలేదు.

ఫిబ్రవరి వచ్చింది. రోడ్డు మీద మిరపకాయల లారీలు వరస కట్టాయి. ఒకరోజు మధ్యాహ్నం రెబ్కమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, దగ్గుకుంటూ షాపులోకి వచ్చింది. ఫోన్లతో లాభం లేదని మనిషే కదిలొచ్చింది. దులిపెయ్యడానికి నోరు తెరిచినదల్లా తెర చూసి ఆగిపోయింది. ఆమెదీ ఆ పల్లే. స్తంభాల వంపు పట్టుకుని వేలు మెల్లగా జరుపుకుంటూ వెళ్ళి, ఇది గురవమ్మ గారి కొట్టం కదూ అంది. ఆయన తలూపాడు. ఆ వేలు చివరి స్తంభాల దాకా వెళ్ళింది. ఇళ్ళ మీద నీటిచుక్కలు వెలుగుతున్నాయి. మొదటి ఇంట్లోవాళ్ళు అప్పుడే మూటలు ఎత్తుకుంటున్నారు.

వీళ్ళెందుకు పోతున్నారని ఆమె నన్ను అడిగింది. నీళ్ళు అందక వదినా అన్నాను. బావి ఎందుకు వెయ్యలేదంటే ఆయన పాత మాటే చెప్పాడు. అక్కడ లేదు కదా రెబ్కా అన్నాడు.

ఆమె వేలు ఆ ఇంటి మీదనుంచి తియ్యలేదు.

"పోయిన ఊరుని మళ్ళీ కట్టేది నువ్వు," అంది. "ఇప్పుడు కూడా మీ అమ్మని దూరంగానే నిలబెడతావా?"

ఆయన మౌసు అందుకున్నాడు. ముప్ఫై తొమ్మిదో స్తంభం పక్కన, పల్లె నడిబొడ్డున బావి పెట్టాడు. మీట నొక్కాడు.

చుక్కలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. దారిలో ఉన్నవాళ్ళు మూటలతో వెనక్కి తిరిగారు. ఆఖరి స్తంభం దగ్గరి ఇంట్లోంచి ఒక ఆడమనిషి, చిటికెన వేలి గోరంత బొమ్మ, బిందె పట్టుకుని బయటికొచ్చింది. తిన్నగా నడుచుకుంటూ బావి దగ్గరికి వెళ్ళింది. ఎవరి కోసమూ ఆగలేదు. గట్టెక్కి, వంగి, తనే తోడుకుంది.

రెబ్కమ్మ ఆయన భుజం మీద చెయ్యి వేసింది. ఆయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు, అయినా తెర వైపే చూస్తున్నాడు. బొమ్మ ఇంటికి వెళ్ళింది, వచ్చింది, మళ్ళీ తోడుకుంది. ఋతువు మారేదాకా అది అలా తిరుగుతూనే ఉంటుంది, ఆట అంతే.

అన్నం చల్లారిపోతుంది, ఇంకొక్క ఋతువు నొక్కి లేవండన్నా అన్నాను.

"వద్దు బాషా," అన్నాడు. "ఆమెని కాసేపు తోడుకోనీ."