ఓడలో రాని క్షవరం

పదిహేడేళ్ళపాటు రోజూ పొద్దున ఎనిమిదింటికి మా ఆయన మోచేతులు కట్టేదాన్ని. కాఫీ తాగి, తెల్లకోటు తొడుక్కునే ముందు వచ్చి నాకు వీపు చూపించి నిలబడేవారు. నా పాత ఏప్రాన్ నాడాలతో రెండు మోచేతులూ డొక్కలకు బిగించి ముడి వేసేదాన్ని. "ఊపిరాడుతోందా?" అంటే, "నా ఊపిరి సంగతి వదిలెయ్, వచ్చేవాళ్ళ చెవులు ముఖ్యం" అనేవారు. ఇప్పుడు ఎనిమిదైతే నా చేతులు వాటంతటవే మేకుకున్న నాడాల దాకా వెళ్ళి తిరిగొస్తున్నాయి. ఆయన పోయి ఏడు నెలలైంది.

మా ఆయన పేరు ఎల్ఫెజ్ పెల్కీ. చేతులు కట్టాల్సినంత చెడ్డవాడేం కాదు, బూట్లు కుట్టేవారు, అంతే. మెయిన్ రాష్ట్రంలో నది ఒడ్డున ఉన్న మా ఊళ్ళో సగం మందిది అదే పని. చెక్క అచ్చు మీద తోలు బిగించి, ఒకే మైనపు దారానికి రెండు కొసలా రెండు సూదులు పెట్టి, అటొకటి ఇటొకటి దూర్చి, రెండు చేతులూ బార్లా చాపి లాగాలి. కుట్టుకోసారి రెక్కలు విప్పాలన్నమాట. ఇరవై తొమ్మిదేళ్ళు అలా విప్పిన మనిషి ఇంటికొచ్చాక మాత్రం ముడుచుకుంటాడా? శనివారం చిక్కుడు గింజలు వండిపెడితే రెండు చెంచాలు తినడం, చేతులు చాపడం. పక్కన కూర్చున్నవాళ్ళు తలొంచుకుని తినడం నేర్చుకున్నారు. అది భక్తి అనుకున్నారు ఓసారి భోజనానికొచ్చిన కొత్త ఫాదర్ గారు.

తైవాన్ బూట్లు ఓడల్లో దిగాక మా ఫాక్టరీ మూసేశారు. దిగుమతుల వల్ల పని పోయినవాళ్ళకు సర్కారు వారం వారం కొంత ఇచ్చి, కొత్త పని నేర్పిస్తుందన్నారు. దానికి ముగ్గురు పనివాళ్ళు సంతకాలు చేసి అర్జీ పంపాలి. ఆ సంతకాలు మా వంటింట్లోనే జరిగాయి. మూడోది ఓమెర్‌ది. అతను మా ఆయన పక్క బల్ల మీద కుట్టినవాడు. సంతకం పెడుతుంటే మా ఆయన కళ్ళు బల్ల కిందికి పోయాయి.

"ఒరేయ్, ఆ బూట్లెక్కడివిరా?"

"తైవానువి. చవగ్గా వచ్చాయి."

"మన కూడు తీసినవాటిని కాళ్ళకేసుకుని అర్జీ రాయడానికొచ్చావా?"

"మరి సాక్ష్యం ఉండొద్దా!" అన్నాడు ఓమెర్, పాదం పైకెత్తి చూపిస్తూ.

అర్జీ ఒప్పుకున్నారు. ఉపాధి ఆఫీసులో మేడమ్ ఏ పనులు నేర్పిస్తారో చదివింది. లారీ తోలడం, ఫ్రిజ్‌లు బాగుచేయడం, కంప్యూటర్, క్షవరం.

"వీటిలో ఓడలో రానిదేది మేడమ్?" అన్నారు మా ఆయన.

"అంటే?"

"తైవాన్ నుంచి ఎవరైనా క్షవరం పంపగలరా?"

ఆమె కలం పెదవికి ఆనించింది. "పంపలేరనే అనుకుంటా."

"అయితే అదే రాయండి."

క్షవరం బడిలో మొదటివారమే, కత్తిరించడం నేర్చుకునే మూడు రబ్బరు తలలు కిందపడి దొర్లాయి. ఒక్కసారి కత్తెర వేయడం, రెండు చేతులూ చాపడం. అటుపక్క పిల్ల జడా ఇటుపక్క పిల్ల కళ్ళద్దాలూ పోయాయి. చివరి పరీక్ష ఒక్కసారే పెడతామనీ, తప్పితే వారం డబ్బులు ఆగిపోతాయనీ పంతులమ్మ చెప్పేసింది. ఆగితే మిగిలిన దారి ఒక్కటే, మా బావగారి కోళ్ళ ఫారంలో పని. మా ఆయనకు కోడంటే వణుకు. ఉడికిన కోడిని కూడా మెడ తీసేస్తేగాని తినేవారు కాదు. ఆ వారమంతా నిద్రలో "పొడుస్తోంది, పొడుస్తోంది" అని కలవరించారు. అప్పుడే నేను ఏప్రాన్ నాడాలు కోసి తెచ్చాను.

పరీక్షకు ఎవరి తల వాళ్ళే తెచ్చుకోవాలట. నేనొస్తానన్నాడు ఓమెర్.

"నీకున్నవి పదకొండు వెంట్రుకలురా. పరీక్ష సగంలోనే అయిపోతాయి" అన్నారు మా ఆయన.

అలా నా తల పోయింది. పెళ్ళయినప్పటినుంచి కత్తెర పడని జుట్టు నాది.

పరీక్ష చేసే స్ట్రౌట్ గారు కాగితం పట్టుకుని పక్కనే నిలబడ్డారు. కుడివైపు చక్కగా అయింది. ఎడమవైపు అయింది. చివరి కత్తెర వేటుకు నా వెనక ముడి జారిన చప్పుడు వినబడింది. "వంగండి సార్!" అని అరిచాను. మంచి మనిషి, ఎందుకని అడక్కుండా వంగారు. కత్తెర ఆయన తల మీదుగా ఎగిరి గోడమీది క్యాలెండర్‌లో దుప్పి ముక్కున గుచ్చుకుంది.

మా ఆయన కళ్ళు మూసుకున్నారు. కోళ్ళు కనిపిస్తున్నాయని నాకు తెలుసు.

స్ట్రౌట్ గారు లేచి, కొలతబద్ద తీసి నా జుట్టు ఇటు కొలిచారు, అటు కొలిచారు. మళ్ళీ ఇటు కొలిచారు.

"వెంట్రుకవాసి తేడా లేదు" అన్నారు. "పాసయ్యావు పెల్కీ. అయితే నీ కొట్లో కుర్చీ ఒక్కటే ఉండాలి. గది మధ్యలో. గోడలకు దూరంగా."

"నాడాలో సార్?"

"అవి రోజూ నేనే చూసుకుంటాను" అన్నాను నేను.

అలాగే మా ముందుగదిలో ఒక్క కుర్చీ, పదిహేడేళ్ళు. ఓమెర్ ఆ పదకొండు వెంట్రుకలకే వారంవారం వచ్చేవాడు. ఇప్పుడూ వస్తాడు, ఊరికే కూర్చుంటాడు.

ఈ మంగళవారం నేను ఇస్త్రీ చేస్తుంటే వచ్చి, మేకుకున్న నాడాల వంక చూశాడు. ముడి పడే చోట అవి ముడతలుపడి వంకీలు తిరిగి ఉన్నాయి.

"పెట్టె వేడిగా ఉంది కదా జెర్మేన్, వాటినీ ఓసారి రుద్దెయ్యరాదూ?"

"ముందు నీ వెంట్రుకలు దువ్వుకో, పో."

తెరలు చేశాను. దుప్పట్లు చేశాను. ఆయన తెల్లకోటూ చేసి మడతపెట్టాను. పెట్టె ఇంకా వేడిగా ఉండగానే ప్లగ్గు పీకేశాను.